కొఱవి చక్రము: మెదడు లయలు, మన ప్రత్యక్షము



ఈ ఉపన్యాసనిధి యెవరి స్మృత్యర్థము నెలకొల్పబడినదో ఆ ఉపాధ్యాయులవద్ద నేను రెండు సంవత్సరములు భౌతికశాస్త్రము చదువుకొంటిని. పాఠము చెప్పుటకు వారు పెద్ద ఉపకరణముల నపేక్షించెడివారు కారు. ఒక దీపావళి మఱునాడు, పిల్లలవద్ద మిగిలిన కాకరపువ్వొత్తి నొకదానిని తెప్పించి, తరగతిగది తలుపులు మూయించి, దానిని వెలిగించి గిఱగిఱ త్రిప్పి, "ఇక్కడ చక్రమున్నదా?" అని యడిగిరి. ఉన్నదని కొందఱము, లేదని కొందఱము అంటిమి. "ఉన్నదన్నవారు కంటిని నమ్మినారు, లేదన్నవారు నన్ను నమ్మినారు, ఉన్నచో అది యెక్కడ ఉన్నదో మాత్రము ఎవరును చెప్పలేదు" అని వారు నవ్వి, పొగకు దగ్గుచు తలుపులు తెఱిపించిరి.

ఆ ప్రశ్న వారు కల్పించినది కాదని నాకు చాలకాలమునకు గాని తెలియలేదు. గౌతముని న్యాయసూత్రములలో అలాతచక్రదృష్టాంతము కలదు, అలాతమనగా కొఱవి. నైయాయికుల మతమున మనస్సు అణుపరిమాణము కలది, ఒక క్షణమున ఒక్క యింద్రియముతో మాత్రమే కూడగలది, కావున రెండు జ్ఞానములు ఏకకాలమున పుట్టజాలవు. శష్కులి యనెడి పొడవాటి పిండివంటను కొఱుకుచున్నవానికి దాని రూపము, వాసన, రుచి, కరకరధ్వని అన్నియు ఒక్కసారే తెలియుచున్నవి కదా యని ఆక్షేపించినవారికి, తామరఱేకులను నూఱింటిని దొంతిపెట్టి సూదితో గ్రుచ్చినప్పుడు ఒక్కపోటున అన్నియు తెగినట్లు తోచినను ఒకదాని తరువాత ఒకటియే తెగుచున్నవనియు, కొఱవి వేగముగా తిరుగుటచేత విడివిడి చోటుల నున్న నిప్పు ఏకచక్రమై కనబడినట్లే జ్ఞానముల క్రమము కూడ వేగముచేత మనకు తెలియకున్నదనియు వారు సమాధానము చెప్పిరి.

మన పూర్వులకు మెదడు తరంగములు ముందే తెలియునని చెప్పుటకు నేనీ మాట యెత్తలేదు. అట్టి మాటలు పూర్వులకు గాని శాస్త్రమునకు గాని గౌరవము చేకూర్చవు. వారికి తెలిసినది ప్రశ్న. మన అనుభవమునకు అఖండప్రవాహముగా తోచునది నిజముగా అఖండమేనా, లేక అతిశీఘ్రముగా ఒకదానివెంట ఒకటి వచ్చు తునకల వరుసయా అన్నది ఆ ప్రశ్న. పారిసులో డార్సీ అను శాస్త్రజ్ఞుడు 1765లో మండుచున్న బొగ్గును యంత్రముతో త్రిప్పి, చక్రము పూర్తిగా కనబడవలెనన్నచో అది సెకనులో అఱువదవ వంతులు ఎనిమిదింటిలో, అనగా సుమారు 0.13 సెకనులో, ఒక చుట్టు తిరుగవలెనని కొలిచి చూపెను. కొఱవిచక్రమునకు అంకె దొరికినది. అది యెచ్చట పుట్టుచున్నదో తెలిసికొనుటకు కంటిని దాటి మెదడునొద్దకు పోవలసివచ్చినది.

ఆ ప్రయాణమునకు దారి చూపినవాడు దారి తప్పి వచ్చినవాడగుట విచిత్రము. జర్మనీదేశమున 1873లో పుట్టిన హన్స్ బెర్గర్ యౌవనమున సైన్యమున చేరి, వ్యూర్ట్స్‌బుర్గ్ పట్టణమున కవాతునందు గుఱ్ఱము మీదినుండి ఫిరంగిబండి చక్రము ముందు పడి, ఆ బండి చివరిక్షణమున ఆగుటచేత బ్రదికెను. ఆనాటి సాయంకాలమే ఆయన క్షేమము నడుగుచు తండ్రివద్దనుండి తంతి వచ్చినది. దూరమున కోబుర్గులో నున్న తోబుట్టువు ఏదో కీడు శంకించి, తండ్రిని నిలువనీయక ఆ తంతి యిప్పించినదట. తన భయము ఏదో యొక శక్తిరూపమున సోదరిని చేరెనని బెర్గర్ దృఢముగా నమ్మెను. గణితము, ఖగోళము చదువనెంచిన ఆయన వైద్యము చదివి, యేనా నగరమున మానసికవైద్యుడై, ఆ మానసికశక్తి జాడకొఱకు మెదడు రక్తప్రసారమును కొలిచి, మెదడు వేడిమిని కొలిచి, ఎందును గురి కుదురక, తుదకు విద్యుత్తునొద్దకు వచ్చెను.

జంతువుల మెదడులో విద్యుత్తు కలదన్నది అప్పటికి క్రొత్తమాట కాదు. లివర్‌పూలు వైద్యుడు రిచర్డ్ కేటన్ కుందేళ్ల యందును కోతుల యందును దానిని కనిపెట్టి 1875లోనే ప్రకటించియుండెను. కాని పుఱ్ఱె తెఱువక మనుష్యుని తలపైనుండి దానిని పట్టుట యెట్లు? 1924లో బెర్గర్ మొదటిసారి దానిని పట్టెను, పట్టియు నమ్మలేకపోయెను. గుండె చప్పుడో, కండరముల కదలికయో, తీగలలోని దోషమో యని అయిదేండ్లు తన్ను తానే శంకించుకొనుచు, తన తలపైనను తన కొడుకు క్లౌస్ తలపైనను మఱల మఱల పరీక్షించి, 1929లో గాని తొలి వ్యాసము ప్రకటింపలేదు. ఈ అయిదేండ్ల మౌనమును నేను ఆయన పాండిత్యముకంటె ఎక్కువగా మెచ్చుకొందును. అంత జాగరూకుడగు ఆయన నాజీ పాలనలో, మనుష్యులను సంతానహీనులను చేయుటకు తీర్పులిచ్చిన వంశారోగ్య న్యాయస్థానమున కూర్చుండెనన్నదియు ఆయన చరిత్రలోనిదే. 1941లో ఆయన తన చేతులతో తన ప్రాణము తీసికొనెను.

ఇంతకు ఆయన చూచిన దేమి? కండ్లు మూసికొని నెమ్మదిగా కూర్చున్న మనిషి తలవెనుకభాగమునుండి సెకనుకు ఇంచుమించు పదిసార్లు లేచిపడు తరంగము, సుతారముగా దువ్వెన పండ్లవలె, కాగితముపై వచ్చినది. కన్ను తెఱచినంతనే అది చెదరి, దానికి బదులు చిన్నవి, వడిగలవి, క్రమము లేనివి కనబడినవి. మొదటిదానికి గ్రీకు అక్షరములలో మొదటిదగు ఆల్ఫా యనియు, రెండవదానికి బీటా యనియు ఆయన పేర్లు పెట్టెను. సోదరి మనస్సును చేరిన శక్తి మాత్రము దొరకలేదు. తలకు ఎలక్ట్రోడు అంటించి నడుమ ఉప్పుజిగురు రాయనిదే పట్టుబడని యీ విద్యుత్తు ఒక ఊరినుండి మఱియొక ఊరికి పోవుట కల్ల.

దాని యల్పత్వమును ఊహించుటకు చేతిదీపములోని బ్యాటరీని తలచుకొనుడు. అది ఒకటిన్నర వోల్టు. ఆల్ఫా తరంగము సాధారణముగా ఏబది మైక్రోవోల్టులు, అనగా ఆ బ్యాటరీ బలములో ముప్పదివేలవ వంతు. అంతటి అల్పమైనది పుఱ్ఱె దాటి బయట వినబడుట కూడ ఒక్క నాడీకణము పని కాదు. మెదడు పైపొరయగు వల్కలములో నిటారుగా వరుసదీరిన లక్షలాది కణములలో విద్యుత్తు ఒక్కమాఱు లేచి ఒక్కమాఱు తగ్గుటవలన కలిగినది. రాత్రివేళ నాలుగు వీధుల అవతల రామమందిరమున భజన జరుగుచున్నప్పుడు ఎవరి గొంతు ఎవరిదో, కీర్తన ఏదో మనకు తెలియదు, తాళము మాత్రము తెలియును. అందఱును కలిసి వేయునది అదియొక్కటే కావున. తలపై పెట్టిన ఎలక్ట్రోడు వినునది ఆ తాళము. కీర్తన వినుటకు భజనమందిరము లోపలికి పోవలెను. ఇట్లు తలపైనుండి గీసిన ఇ.ఇ.జి. కాగితము చూచి మనిషి తలపులు చదువుదుమని చెప్పువారు ఈ భేదమును మఱచుచున్నారు.

బెర్గర్ మాటను అయిదేండ్లు ఎవరును లెక్కచేయలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ అను ఇరువురు, తప్పు పట్టుటకే పూనుకొనిరో యేమో, ఆ ప్రయోగమును తిరుగచేసి చూచిరి. అప్పటికి రెండేండ్ల క్రిందటనే నోబెల్ బహుమానము పొందిన ఏడ్రియన్ కన్ను మూసినంతనే ఆ లయ తడబాటు లేకుండ వచ్చెను. మాథ్యూస్ తలపై అది సరిగా నిలువనే లేదు. ఒకే గదిలోని ఇద్దఱు పండితుల తలలకే ఇంత భేదమున్నదని తెలిసిన నాడు ఈ శాస్త్రమునకు వినయము అలవడవలసినది. వారు కనిపెట్టిన దింకొకటి కలదు. కండ్లు మూసికొనియే కఠినమైన లెక్క చేయ మొదలుపెట్టిన యెడల లయ చెదరును. చీకటిగదిలో కండ్లు తెఱచి ఏదైన కనబడునేమో యని చూడ యత్నించినను చెదరును. అనగా దానిని ఆపునది వెలుతురు కాదు, చూడవలెనను పూనిక.

చూపు పనిచేయనప్పుడు వచ్చి, పనిచేయునప్పుడు పోవునది గనుక ఇది విశ్రాంతి తరంగమని, బండి నిలిచినప్పుడు ఇంజను ఊరక తిరుగుటవంటిదని చాలకాలము తలచిరి. ఇది పాఠ్యపుస్తకములలో అర్ధశతాబ్దికి పైగా నిలిచిన మాట. నేటికిని ఆల్ఫా యనగా శాంతియని, దానిని పెంచు యంత్రము కొనుడని చెప్పు వ్యాపారులు కలరు. కాని ఆ యభిప్రాయమును అనుమానించుటకు ఆధారము మన దేశముననే చాల ముందు దొరికియుండెను. ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థలో బి.కె. ఆనంద్, జి.ఎస్. ఛీనా, బల్దేవ్ సింగ్ అను మువ్వురు కొందఱు యోగులను పరీక్షించి 1961లో ప్రకటించిన వ్యాసమున ఇట్లున్నది: ధ్యానము లేని వేళ తీక్ష్ణమైన వెలుతురు చూపినను, పెద్ద చప్పుడు చేసినను, వేడి గాజుగొట్టము తాకించినను యోగుల ఆల్ఫా అందఱి ఆల్ఫావలెనే చెదరినది; ధ్యానమున నున్నప్పుడు ఇవి యేవియు దానిని చెదరింపలేదు. వారిలో ఇద్దఱు 4 డిగ్రీల చల్లని నీటిలో చేయి యుంచి ముప్పాతిక గంటకు మించి కూర్చుండగా కూడ ఆ లయ అట్లే సాగినది. అంతకు కొన్నియేండ్లు ముందు కలకత్తాలో దాస్ అనువారును, గాస్తో అను ఫ్రెంచి వైద్యుడును మఱికొందఱు యోగులలో ఇందుకు విరుద్ధముగా వేగమైన తరంగములను చూచినట్లు వ్రాసిరి. ధ్యానమనునది ఒక్కటి కాదు, యోగులందఱు ఒక్కరు కారు. కొద్దిమందిని చూచి పెద్దమాట చెప్పరాదు. అయినను చల్లని నీటిలోని ఆ చేయి ఊరక తిరుగు ఇంజనుకు గుర్తువలె నాకు ఏనాడును తోచలేదు. ఎవరో తలుపు మూసి నిలువబడినట్లు తోచినది.

ఆ తోచుట నిజమేయని నలువది సంవత్సరముల తరువాతి ప్రయోగములు సూచించినవి. తెఱ నడుమ చూపు నిలిపి, చూపు కదల్పక, ఎడమ వైపున రాబోవు గుఱుతును మాత్రము గమనింపుమని ఒకనికి చెప్పిరి. ఎడమవైపు దృశ్యము కుడిమెదడునకును, కుడివైపు దృశ్యము ఎడమమెదడునకును పోవునని మీ రెఱుగుదురు. గుఱుతు ఇంకను రాకమునుపే ఈతని ఎడమమెదడులో, అనగా గమనింపవలదన్న వైపును చూచు భాగములో, ఆల్ఫా పెరిగినది; కుడివైపు గమనింపుమనగానే తారుమారైనది. వర్డెన్, ఫాక్స్ మొదలగువారు 2000లో ప్రకటించిన యీ ఫలితమును పలువురు పలుచోట్ల తిరిగి పొందిరి. కావున ఇది సోమరితనము కాదు, కావలి. వలదన్నదానిని లోపలికి రానీయకుండుటయు మెదడు చేయు పనియే; బహుశః రానిచ్చుటకంటె కష్టమైన పని.

ఈ కావలివాడు తలుపు మూసి ఊరక నిలుచుటలేదు, సెకనుకు పదిమార్లు మూయుచు తెఱచుచున్నాడన్నచో, అడుగవలసిన ప్రశ్న వెంటనే పుట్టును. తలుపు తెఱచిన క్షణమున వచ్చినదానికిని మూసిన క్షణమున వచ్చినదానికిని భేదము కలదా? మా చిన్ననాట ఒకే రోటిలో ఇద్దఱు స్త్రీలు ఎదురెదురుగా నిలిచి వడ్లు దంచుచుండగా, మూడవ ఆమె రోకలి పైకి లేచిన వేళ చేయి చాచి గింజలను ఎగదోయుచుండెడిది; ఒక్కనాడును ఆమె చేయి నలుగగా నేను చూడలేదు. మెదడులోనికి పోవు దృశ్యమునకు కూడ ఇట్టి యదను కలదా యన్నదే ప్రశ్న. 2009లో ఫ్రాన్సులోని తులూజు నగరమున బుష్, వాన్‌రూలెన్ మొదలగువారు, కనబడియు కనబడనంత మసకగా ఒక మెఱుపును చూపి, అది సగము మార్లు కనబడునట్లు అమర్చి, కనబడిన వేళలను కనబడని వేళలను వేఱుచేసి చూచిరి. మెఱుపు రాకకు లిప్తకాలము ముందు మెదడులయ ఏ దశలో నున్నదో దానిని బట్టి ఫలితము కొంత మారుచున్నది. అదే యేట అమెరికాలో మాథ్యూసన్ బృందము కూడ ఇట్టిదే ఆల్ఫాయందు చూచినది. లోకములో ఏ మార్పును లేదు, మెఱుపు అదియే, కన్ను అదియే. కనబడుటయు కనబడకుండుటయు లోపలి గడియారము చేతిలో కొంత యున్నది. కొంత యన్న మాటను గట్టిగా పలుకుచున్నాను. దశనుబట్టి చెప్పగలిగినది స్వల్పభాగమే.

ఇంతమాత్రముచేత మనము లోకమును చలనచిత్రమువలె విడివిడి చిత్రములుగా చూచుచున్నామని ప్రకటించినవారు కలరు. మనోహరమైన మాట. చలనచిత్రమున సెకనుకు 24 బొమ్మలు నడచును. అవి రెపరెపలాడకుండుటకు ఒక్కొక్కబొమ్మను మూత అడ్డుపెట్టి రెండుమార్లో మూడుమార్లో వెలిగింతురు. మనలోపల కూడ అట్టి మూత యున్నదని వాదించువారికి పెద్ద సాక్షి బండిచక్రము. సినిమాలో బండి ముందుకు పోవుచుండగా చక్రము వెనుకకు తిరిగినట్లు కనబడుట బొమ్మల మధ్యనున్న వ్యవధివలన. ఇంట ట్యూబులైటు క్రింద పంకారెక్కలు వింతగా కనబడుట దీపమువలన. ఏబది ఆవృత్తుల కరెంటుతో అది సెకనుకు నూఱుమార్లు కొట్టుకొనును. కాని పట్టపగటి యెండలో, కొట్టుకొనని వెలుతురులో కూడ చక్రమును తదేకముగా చూచినచో అప్పుడప్పుడు వెనుకకు తిరిగినట్లగునని 1996లో పర్వెస్ మొదలగువారు చూపినప్పుడు, ఇక లోపలి చిత్రములు దొరికినట్లే యని పలువురు సంతోషించిరి. ఆ సంతోషము ఎనిమిదేండ్లు నిలిచినది. 2004లో క్లైన్, హోల్కూంబ్, ఈగిల్‌మన్ ఒకేవిధముగా తిరుగు రెండు పీపాలను ప్రక్కప్రక్కన పెట్టి చూపిరి. మెదడంతటికిని ఒక్క మూతయే యున్నచో రెండును ఒకేసారి వెనుకకు తిరుగవలెను. తిరుగలేదు, ఒకటి వెనుకకు తిరుగుచున్నట్లు తోచినప్పుడు రెండవది చాలమార్లు ముందుకే పోవుచుండెను. ఇంత చవుకగా, ఇంత తేటగా ఒక గొప్ప సిద్ధాంతమును నిలదీసిన ప్రయోగము నేను వేఱొకటి యెఱుగను. మా గురువుగారు బ్రదికియుండిన దానిని తరగతిలో చేసి చూపెడివారు.

ఇట్టిదే మఱియొక కథ. ఒక్క మెఱుపు మెఱయునప్పుడు రెండు చప్పుళ్లు వినిపించినచో చాలమందికి రెండు మెఱుపులు కనబడునని 2000లో కాలిఫోర్నియాలో షామ్స్ మొదలగువారు కనుగొనిరి. చెవి చెప్పినమాటను కన్ను నమ్మినది. ఆల్ఫా నెమ్మదిగా నడచువారిలో ఈ భ్రమకు తగిన వ్యవధి పొడవనియు, వడిగా నడచువారిలో పొట్టియనియు 2015లో వార్త వచ్చినది. నెత్తిపై స్వల్పవిద్యుత్తు పెట్టి లయను కొంచెము జాప్యము చేసినను త్వరపఱచినను ఆ వ్యవధియు తదనుగుణముగా మారినదట. 2022లో ఎక్కువ జాగ్రత్తతో చేసిన బ్యుర్గర్స్, నోపెనీల పరిశీలనలో ఆ సంబంధము కనబడలేదు. ఈ చివరి మాటను విని తక్కిన దంతయు వ్యర్థమని నేను చెప్పను. లయ యున్నది, దానితోబాటు మెదడు గ్రహణశక్తి పెరుగుట తగ్గుట యున్నది. రోకలి లేచుట నిజము, పడుట నిజము. కాని రోళ్లు అనేకము, ఒక్కొక్క రోటికి దాని దంపు. ఊరంతటికిని ఒక్క రోకలి యున్నదనుట మాత్రము నిలువలేదు.

చూపును విడిచి వినికిడికి వచ్చినచో లయకు ఆధారము ఇంకను గట్టిది, ఎందుకనగా పలుకులో లయ బయటనే యున్నది. ఏ భాషలోనైనను సహజముగా మాటలాడునప్పుడు ధ్వని హెచ్చుతగ్గులు సెకనుకు సుమారు 4 మొదలు 8 వరకు వచ్చును. అవి అక్షరముల యలలు. వినువాని శ్రవణవల్కలములో, థీటా యని పేరుగల ఆ వేగపు లయ, పలుకు మొదలైనంతనే దాని అడుగులో అడుగు వేయును. గిట్సా, గ్రీన్‌బర్గ్ అనువారు 2009లో ప్రకటించిన ప్రయోగమిది. వాక్యములను మూడింట ఒకవంతు కాలమునకు కుదించి వినిపించిరి; వినువారు సగము మాటలు పోగొట్టుకొనిరి. అప్పుడు ఆ కుదించిన పలుకును 40 మిల్లీసెకండుల తునకలుగా కోసి, తునకకు తునకకు నడుమ 80 మిల్లీసెకండుల మౌనము పెట్టిరి. మౌనములో సమాచార మేమియు లేదు. అయినను మాటలు తిరిగి తెలియవచ్చినవి. ఆ వ్యవధులను కూడి చూచిన తునకలు సెకనుకు ఎనిమిది లెక్కన వచ్చుచున్నవి. పలుకు మొత్తముకంటె అది వచ్చు అదను ముఖ్యమని దీని యర్థము.

ఛందస్సు చదువుకొన్నవారికి ఇది వినినంతనే మాత్ర యన్న మాట మెదలును. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. మాత్రయనగా ఱెప్పపాటు కాలమని కొందఱు పెద్దలు. పాణినీయశిక్షలో మాత్రను కొలుచుటకు జీవుల కూతలు చెప్పబడినవి: పాలపిట్ట ఒక మాత్ర పలుకును, కాకి రెండు, నెమలి మూడు, ముంగిస అరమాత్ర. గడియారములు లేని కాలమున తోటలోని కూతను కొలమానముగా ఎంచుకొన్న ఆ శాస్త్రకారుని చెవి యెంత సూక్ష్మమైనదో! కాలమును అంకెలతో కాక వినికిడితో కొలువవలెనని ఆయనకు తోచుటలో, కొలిచెడి గడియారము వినువానిలోనే యున్నదన్న యెఱుక ఉన్నదని నాకు ముచ్చట. ముచ్చట యంటిని గాని రుజువు అనలేదు.

గామా యను వడిగల లయనుగూర్చి చెప్పకపోయినచో పెద్దలు కోపగింతురు, కావున సంగ్రహముగా చెప్పెదను. 1989లో ఫ్రాంక్‌ఫర్టున గ్రే, సింగర్ మొదలగువారు పిల్లి మెదడులో, ఒకే వస్తువు యొక్క వేర్వేఱు భాగములను చూచు కణములు సెకనుకు నలువది మొదలు అఱువదిమార్లు ఒక్కతాళమున మ్రోగుటను చూచిరి. ఎఱుపును, గుండ్రదనమును, కదలికను వేర్వేఱు చోట్ల గ్రహించిన మెదడు వానిని "దొర్లుచున్న ఎఱ్ఱబంతి" యని ఎట్లు కూర్చుచున్నదన్న చిక్కునకు ఇది సమాధానమని, ఆ మఱుసటి యేట క్రిక్, కోక్ అనువారు ఇదియే చైతన్యమునకు మూలమేమో యని వ్రాసిరి. తాళము కుదిరినంత మాత్రాన కీర్తన అగునా యని ఆక్షేపించినవారును కలరు; వారి ఆక్షేపణ ఇంకను తీరలేదు.

నేను చివరకు చెప్పదలచిన సంగతి మన హైదరాబాదునకు సంబంధించినది. చలనచిత్రములు తీసి జీవితమంతయు జనుల కండ్లకు విందుచేసిన ఎల్.వి. ప్రసాద్ గారి వితరణతో 1987లో వెలసిన నేత్రవైద్యసంస్థయందు, పుట్టుకతోనే రెండుకండ్లలోను దట్టమైన శుక్లములుండి, కొన్ని నెలలకో కొన్నియేండ్లకో శస్త్రచికిత్సవలన చూపు పొందినవారు ఎందఱో కలరు. జర్మనీలోని హాంబుర్గు విశ్వవిద్యాలయమునకు చెందిన బ్రిగిట్టె ర్యోడర్, దావిదే బొత్తారి మొదలగువారు ఆ సంస్థ వైద్యులతో కలిసి అట్టివారి మెదడు లయలను పరీక్షించి 2016లో ఫలితము ప్రకటించిరి. పుట్టుగ్రుడ్డివారి వెనుతలలో ఆల్ఫా మిక్కిలి క్షీణమని ముందునుండియు తెలిసినదే. చూపు వచ్చిన తరువాత అది వచ్చునా?

రాలేదు. శస్త్రచికిత్స జరిగి చాలకాలమైనను, వెలుతురు ప్రతిదినము లోపలికి పోవుచున్నను, ఆ లయ తక్కినవారిలో వలె తిరిగి పుట్టలేదు. పుట్టిన తరువాత బాల్యమున శుక్లములు వచ్చి తీయించుకొన్నవారి యందు మాత్రము అది మామూలుగనే యున్నది. అనగా మెదడులోని ఆ కావలివాడు పుట్టుకతో ఉద్యోగమున చేరినవాడు కాడు. పసితనపు తొలిదినములలో పడిన వెలుతురే వానికి పని నేర్పినది. ఆ దినములు పోయినచో ఎంత వెలుతురు పోసినను వానికి పని రాదు. పుట్టుశుక్లములను ఎంత శీఘ్రముగా తీయించిన అంత మేలని కంటివైద్యులు తల్లిదండ్రులను తొందరపెట్టుటలోని ఆంతర్యము కూడ ఇట్టిదే.

కథ ఇంతటితో ముగిసినచో సిద్ధాంతము చక్కగా కుదిరియుండెడిది. ముగియలేదు. ఆ ప్రయోగమున వారికి చూపినది స్వీడను దేశపు యోహాన్‌సన్ 1973లో వ్యాప్తికి తెచ్చిన చుక్కల బొమ్మ: చీకటిలో నడచుచున్న మనిషి కీళ్లయందు మాత్రము దీపములు పెట్టినట్లు, పదిపన్నెండు చుక్కలు కదలుచుండును. నిలిచియున్నప్పుడు అవి వట్టి చుక్కలు, కదలినంతనే మనిషి. పుట్టుశుక్లములతో తొలి వెలుతురును పోగొట్టుకొన్నవారు మనుష్యముఖములను గుర్తించుటలో తడబడుదురు, పెక్కు సూక్ష్మములను కోలుపోవుదురు; కాని ఈ చుక్కలలో నడచు మనిషిని వారు పోల్చగలరు. లయ లేదు, మనిషి కనబడుచున్నాడు. కావలివాడు లేని ఆ వాకిట రాకపోకలను చూచుచున్న వారెవరో, ఏ తాళముతో చూచుచున్నారో ఇంకను వెదకుచున్నారు. మా గురువుగారు ఉండినచో ఈ వార్త విని ఊరకుండెడివారు కారు; అట్టివారి యెదుట కాకరపువ్వొత్తి వెలిగించి త్రిప్పి, చక్రమున్నదా యని తప్పక అడిగెడివారు.